యూట్యూబ్ లో ఉంది కదా, ఈ డబ్బాలెందుకు?

"అంతా యూట్యూబ్ లో ఉంది కదండీ, ఇంకా ఈ డబ్బాలెందుకు?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టడం మానేశాను. అడిగేవాళ్ళు ఎవరో కాదు, మన ఐటీ సోదరులే. అందులో ఒకాయన పొద్దస్తమానం డేటాబేస్ బ్యాకప్పులు చూసుకుని జీతం తీసుకునే మనిషి! ఆయన నోటివెంట ఈ మాట విన్నాక కాస్త గట్టిగా రాయాలనిపించింది.

తెలియనివాళ్ళ కోసం: నేను పాత కార్టూన్ల రీళ్ళు పోగేస్తాను. థియేటర్లో ఆడే పెద్ద రీళ్ళు కాదు, ఇంట్లో చిన్న ప్రొజెక్టర్ మీద వేసుకోడానికి అమెరికాలో కొట్లలో అమ్మిన బుల్లి రీళ్ళు. కోడాక్ వాడు 1923లో 16 ఎం.ఎం., 1932లో 8 ఎం.ఎం., 1965లో సూపర్ 8 తెచ్చాడు. వీడియో కేసెట్టు రాకముందు మిక్కీ మౌస్ నో వుడీ వుడ్‌పెకర్ నో ఇంటికి తెచ్చుకోవాలంటే ఇదే దారి. కాసిల్ ఫిల్మ్స్ లాంటి కంపెనీలు వీటితోనే బతికాయి. యాభై అడుగుల 8 ఎం.ఎం. రీలంటే నాలుగు వేల బొమ్మలు. సెకనుకి పదహారు చొప్పున తిప్పితే నాలుగు నిమిషాలు, అంతే. ఆన్‌సైట్ లో ఉన్నప్పుడు జనం శనివారాలు షాపింగుకి పోతే నేను గరాజ్ సేల్స్ కి పోయేవాణ్ణి. ఇప్పుడు బాలాపూర్ లో మా ఇంటి బీరువాలో నలభై పైచిలుకు రీళ్ళున్నాయి.

అవి గొప్ప ప్రింట్లని నేనెప్పుడూ అనలేదు. చాలావాటికి శబ్దం లేదు, రంగు లేదు, ఎనిమిది నిమిషాల కార్టూన్ని మూడు నిమిషాలకి కోసేసినవీ ఉన్నాయి. పేర్లు కూడా మార్చేసేవాళ్ళు. వాన్ బ్యూరెన్ స్టూడియో వాళ్ళకి 1930లలో 'టామ్ అండ్ జెర్రీ' అని ఇద్దరు మనుషుల కార్టూన్లుండేవి (పిల్లీ ఎలుకా కాదు!). అఫీషియల్ ఫిల్మ్స్ వాడు వాటిని ఇళ్ళకి అమ్మేటప్పుడు 'డిక్ అండ్ లారీ' అని పేరు పెట్టాడు. అవన్నీ ఒప్పుకుంటాను. అయినా సరే...

జపాన్ లో ఏం జరిగిందో చూడండి. మిక్కీకి ముందు డిస్నీ గీసిన కుందేలు ఆస్వాల్డ్. ఆ బొమ్మ హక్కులు యూనివర్సల్ దగ్గర ఉండిపోయాయి, ఆ వరసలో చాలా కార్టూన్లు అడ్రస్ లేకుండా పోయాయి. అందులో 1928 నాటి 'నెక్ ఎన్ నెక్' ఒకటి. 2018లో అది దొరికింది. ఎక్కడ? హాలీవుడ్ ఖజానాలో కాదు. యసుషి వతనబే అనే యానిమేషన్ చరిత్రకారుడు తన కుర్రతనంలో, డెబ్భై ఏళ్ళ కిందట, ఒసాకాలో బొమ్మలమ్మే హోల్‌సేల్ కొట్లో 500 యెన్లకి కొనుక్కున్న చిన్న రీలులో. పూర్తి కార్టూన్ కాదు, ముక్కే. కానీ పోయిందనుకున్నది కళ్ళముందుకొచ్చింది. స్టూడియో పారేసుకున్నదాన్ని ఒక కుర్రాడి ఆటవస్తువు కాపాడింది.

ఇప్పుడు మన సంగతి. ఎచ్.ఎం. రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద' (1932) మన మొదటి పూర్తి టాకీ. దాని ప్రింటు లేదు. అంతకుముందు రఘుపతి వెంకయ్య గారూ ప్రకాష్ గారూ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. 'ఆలం ఆరా' (1931) కూడా లేదు. పూనాలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే వెండి కోసం కరిగించినవి కరిగిపోయాయి, తగలబడినవి తగలబడ్డాయి. మనదగ్గర సినిమా అంటే థియేటర్ల మధ్య తిరిగే కొన్ని ప్రింట్లే. ఇంటింటికీ అమ్మిన చిన్న కాపీలు ఉండుంటే ఏ పాత మేడలోనో, ఏ అటక మీదో భక్త ప్రహ్లాద నాలుగు నిమిషాలైనా దొరికేదేమో.

మనకి ఇళ్ళల్లో దొరికిందల్లా ముక్కలే. టూరింగ్ టాకీసు ఆపరేటర్ కత్తిరించి పారేసిన ఫిల్ము ముక్కలు. ఫ్యూజు పోయిన బల్బు వెనక పగలగొట్టి, నీళ్ళు పోసి, అద్దంతో ఎండని చీకటిగదిలోకి కొట్టించి, ముక్కని తలకిందులుగా పెట్టి పంచె మీద బొమ్మ వేసినవాళ్ళు ఇది చదివేవాళ్ళలో కచ్చితంగా ఉంటారు. ఎన్టీవోడి ముక్కకి రెండు నాగేశ్వర్రావు ముక్కలు అని బేరాలు కూడా జరిగేవి! ఆ అగ్గిపెట్టెలన్నీ ఏమైపోయాయో.

సరే, యూట్యూబ్ దగ్గరికొద్దాం. అక్కడ ఉన్నది ఎవరో ఒకరు ఎక్కించిందే కదా? ఆ ఎక్కించినవాడి దగ్గర ఒక రీలు ఉండాలి కదా? మూలం పారేసి కాపీకి కాపీని నమ్ముకోమని మన ఉద్యోగాల్లో ఎవడైనా అంటే ఊరుకుంటామా? జియోసిటీస్ 2009లో మూసేశారు. ఆర్కుట్ 2014లో పోయింది. మైస్పేస్ వాళ్ళు 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలన్నీ సర్వర్ మైగ్రేషన్లో పోయాయని 2019లో చావుకబురు చల్లగా చెప్పారు. మైగ్రేషన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?

ఇంకో తిరకాసు. సర్వర్లో ఉన్నదాన్ని ఎవరికీ చెప్పకుండా మార్చొచ్చు. పిల్లీ ఎలుకా టామ్ అండ్ జెర్రీలో పనిమనిషి పాత్రని 1960లలో టీవీ కోసం కొన్ని కార్టూన్లలో కొత్తగా గీసి మార్చేశారు. ఆ పాత్రని గీసిన తీరు తప్పా కాదా అన్నది వేరే చర్చ (నా లెక్కలో తప్పే). కానీ తప్పుని తప్పని చూపించడానికైనా పాత ప్రింటు ఉండాలి. డీవీడీల కాలంలో మరో విచిత్రం: దుమ్ము తీసేసే సాఫ్ట్‌వేర్ కొన్ని కార్టూన్లలో కదిలే చేతుల గీతల్ని కూడా దుమ్మే అనుకుని తుడిచేసింది. అల్గారిథమ్ రాసింది మనలాంటి వాడే, టెస్ట్ చేయకుండా రిలీజ్ చేసిందీ మనలాంటి వాడే :)

మా వీధిలో అడుగుతారు, "పాత రీలుకి అంత డబ్బా?" అని. ఇదే ఊళ్ళో వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలకి వేలం పోయింది, 2025లో 35 లక్షలకి పోయింది. లడ్డూని నేనేమీ అనడం లేదు, ఆ రోజు బొడ్రాయి దగ్గర జనంలో నేనూ నిలబడతాను. శనగపిండి, పంచదార లెక్కేసి ఎవరూ పాడరు కదా? పొలంలో చల్లుకుంటే మంచి జరుగుతుందని పాడతారు. వస్తువు విలువ సరుకు ఖరీదులో లేదని బాలాపూర్ వాళ్ళకి ఒకరు నేర్పాల్సిన పనిలేదు. నా రీలు దగ్గరికొచ్చేసరికే ప్లాస్టిక్ కిలో ఎంత అని లెక్కలు తీస్తారు.

అయితే అసలు తిట్టాల్సింది మా జాతిని, అంటే పోగేసేవాళ్ళని. కొని, డబ్బాలో పెట్టి, తాళం వేసి, "ప్రపంచంలో నా ఒక్కడి దగ్గరే ఉంది" అని మురిసిపోయేవాళ్ళని. ఎసిటేట్ ఫిల్ము వేడికీ చెమ్మకీ కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు వచ్చే ఎసిటిక్ ఆమ్లం ఆ కుళ్ళుని ఇంకా తొందరపెడుతుంది, పక్క రీళ్ళనీ పాడు చేస్తుంది. మూత తీస్తే సిర్కా వాసన గుప్పుమంటుంది. రీలు కుంచించుకుపోయి పళ్ళచక్రం మీద కూర్చోదు. మే నెలలో మన రేకుల గదుల్లో, గాలాడని ప్లాస్టిక్ కవర్లో బిగించిపెట్టినవాడికీ కబాడీకి వేసినవాడికీ తేడా ఏమిటి? కబాడీవాడు నయం, కిలోకి ఇంతని ఇస్తాడు. డిస్నీ 'స్టీమ్‌బోట్ విల్లీ' (1928) మీద అమెరికాలో హక్కులు 2024 జనవరి 1న తీరాయి. తొంభై అయిదేళ్ళు! అంత పేరున్న కార్టూన్ని కంపెనీయే దాచుకుంటుంది. పేరు లేనివాటి హక్కులు తీరేనాటికి ఎవరి బీరువాలోనో ఒక కాపీ మిగిలితేనే కదా?

నా నలభైలో పదకొండు స్కాన్ అయ్యాయి. రెండింటికి వాసన మొదలైంది, వాటిని విడిగా ఫ్రిజ్ పక్క గదిలో పెట్టాను, మార్చి లోపల అయిపోవాలి. స్కాన్ చేసినవి అడిగినవాళ్ళకి ఇస్తున్నాను, రీళ్ళు మాత్రం పారేయను. మీ మావగారి అటక మీదో, అమెరికా నుంచి వచ్చిన పెదనాన్న గారి ట్రంకు పెట్టెలోనో ఇలాంటి డబ్బా ఉంటే ప్రొజెక్టర్ ఎక్కించకండి, పాత ప్రొజెక్టర్ పళ్ళు చింపేస్తాయి. మూత తీసి ఒకసారి వాసన చూసి నాకు కబురు చేయండి. బ్యాకప్పుల పెద్దమనిషి గారూ, మీరు కూడా.