తప్పు బుజ్జిదానిది కాదు!

ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కపిల్ల హాల్లో తడి చేస్తే పెద్దవాళ్లకు చిరాకు. దాన్ని ఎక్కడ ఇచ్చేస్తారోనని పిల్లలకు బెంగ. నిజానికి రెండు నెలల పిల్లకు మూత్రం ఆపుకునే శక్తి అంతగా ఉండదు. మెలకువగా ఉన్నప్పుడు గంట, రెండు గంటలకోసారి వదలాల్సిందే.

నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట అయ్యాక రోజూ ఒకే చోటికి తీసుకెళ్లండి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే వేళయినట్టే. పని కాగానే అక్కడే మెచ్చుకుని చిరుతిండి పెట్టాలి. ఆలస్యంగా పెడితే ఎందుకు పెట్టారో దానికి తెలియదు.

ఎప్పుడో చేసినదానికి కొట్టడం, ముక్కు నేలకు రుద్దడం అస్సలు వద్దు. మనుషులు చూస్తుండగా వెళ్లకూడదని మాత్రమే దానికి అర్థమవుతుంది. ఇక మంచం కిందే కానిచ్చేస్తుంది. తడిసిన చోటును వాసన పోయేదాకా కడగాలి. లేదంటే మళ్లీ అక్కడికే వెళ్తుంది.

టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోటికి తీసుకెళ్లొద్దు. పార్వో సోకితే ప్రాణానికే ముప్పు. అందాకా పెరట్లోనో, బాల్కనీలో పాత పేపర్ల మీదో అలవాటు చేయొచ్చు. రాత్రి ఒకసారి లేవక తప్పదు.

చంటిపాప పక్క తడిపితే కోప్పడం కదా. ఇదీ అంతే!