నీడకును రంగు గలదు

చిత్రలేఖనము నేర్పుట యనగా అచ్చుబొమ్మను చూచి మఱియొక బొమ్మ వ్రాయించుటయే యని మన పాఠశాలలలో అనేకులు తలంచుచున్నారు. ఆకు పచ్చన, ఆకసము నీలము, నీడ నలుపు. ఈ మూడు సూత్రములతో వర్ణవిద్య ముగియుచున్నది. పరీక్షలు సమీపించినంతనే ఆ గంటయు గణితమునకు పోవును. ఇట్టి శిక్షణమువలన చేయి కొంత తిరుగవచ్చును గాని కన్ను తెఱచుకొనదు. కన్ను తెఱవని జాతి తన దేశమును తాను చూడనేరదు.

వర్ణశాస్త్ర చరిత్రము మనకొక పాఠము చెప్పుచున్నది. ఫ్రాన్సున షెవ్రెల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గోబెలిన్ నేతశాలలో అద్దకపు శాఖకు అధ్యక్షుడుగా నుండెను. నల్లనూలు వెలవెలబోవుచున్నదని ఆయనకు ఫిర్యాదు వచ్చెను. పరీక్షింపగా దోషము అద్దకమున గాక ప్రక్కనున్న రంగులలో నున్నట్లు తేలెను. ఒక వర్ణము తన చెంతనున్న వర్ణపు రూపును మార్చునను నియమమును ఆయన 1839లో గ్రంథముగా ప్రకటించెను. ఎఱుపు చెంత ఆకుపచ్చయు, నీలము చెంత నారింజయు, పసుపు చెంత ఊదాయు మిక్కిలి వెలుగును.

1874లో మోనే, పిస్సారో, రెన్వా, డెగా మొదలగువారు పారిస్ నగరమున తమ చిత్రములను ప్రదర్శించిరి. మోనే సూర్యోదయ చిత్రపు పేరునుబట్టి ఒక విమర్శకుడు వారిని ఇంప్రెషనిస్టులని వెక్కిరింపగా, ఆ వెక్కిరింతయే బిరుదమయ్యెను. వీరు పటములను ఆరుబయట వ్రాసిరి. 1841లో వెలసిన తగరపు రంగుగొట్టములు ఇందుకు తోడ్పడెను. నీడలయందు నలుపును చాలవఱకు విడిచి నీలమును, ఊదాను చూపిరి. మోనే 1890-91లో గడ్డివాములనే వస్తువుగా గొని ఇరువదికి పైగా చిత్రములు వ్రాసెను. వస్తువు మాఱలేదు, వెలుగు మాఱెను. గడ్డివాము లేని తెలుగుపల్లె యున్నదా? మన బాలుడు దానినట్లు చూచినాడా?

ఇది పరదేశవిద్య గదా యని కొందఱాక్షేపింతురు. ఆ ఫ్రెంచివారే జపాను అచ్చుచిత్రముల యెదుట శిష్యులై కూర్చుండిరి. మోనే తన గృహపు గోడలను వానితో నింపుకొనెను. అందువలన ఫ్రాన్సు గౌరవము తగ్గలేదు. మన దామెర్ల రామారావు (1897-1925) బొంబాయి కళాశాలలో పాశ్చాత్యరీతిని అభ్యసించియు, రాజమహేంద్రవరమున తెలుగు జీవనమునే చిత్రించెను. మఱియు, నీలపు పడుగునకు ఆకుపచ్చ పేక చేర్చి నెమలికంఠపు వన్నెను సాధించిన నేతగాడు మనవాడే. అచ్చట రంగులు నూలులో కలియలేదు. చూపరి కంటిలో కలిసినవి. నేతశాలలో పుట్టిన శాస్త్రము నేతగాండ్ర దేశమునకు పరాయిది యెట్లగును?

కావున వర్ణచక్రమును కంఠస్థము చేయించుటకు ముందు, ఒకే బూడిదవన్నె కాగితపు ముక్కను ఎఱుపుపైనను, ఆకుపచ్చపైనను ఉంచి చూపవలెను. ఒకే చెట్టును ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము వ్రాయింపవలెను. కొన్నినాళ్లు నల్లరంగును పెట్టెలోనుండి తీసివేయవలెను. పసుపును నీలమును పలకపై కలిపిన ఆకుపచ్చ యగునుగాని, వానినే సన్నని చుక్కలుగా ప్రక్కప్రక్కన ఉంచి దూరమునుండి చూచిన బూడిదకు దగ్గరగు ఛాయ కన్పట్టును. రంగుల కలయిక వేఱు, కాంతుల కలయిక వేఱు. ఈ భేదమును ఉపాధ్యాయుడు తానెఱిగి చేసి చూపవలెను. పిమ్మట బాలురను మగ్గముల యొద్దకు గొనిపోవలెను.

ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు. వారమున కొక గంటయు, ఆ గంటను అపహరింపని ప్రధానోపాధ్యాయుడును చాలును. అందఱును చిత్రకారులు కానక్కరలేదు. కాని తమ యూరి చెఱువుపై ప్రొద్దు వ్రాలునప్పుడు నీటిలో ఎన్ని వన్నెలున్నవో చూడనేర్చినవారు, ఆ చెఱువు పూడిపోవుచుండ చూచుచు ఊరకుండరు. చూపే స్వదేశాభిమానమునకు మొదటిమెట్టు.