గట్టున దాగిన తెగులు

గార్లదిన్నె రైతన్నలారా, 2000 ఖరీఫ్ గుర్తుందా? ఆ ఏడు మన జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ సోకింది. నష్టం రూ.300 కోట్ల పైమాటే. ఆ వైరస్‌ను పచ్చగా నవ్వుతూ దాచుకునేది గట్టు మీది వయ్యారిభామే. దాని పుప్పొడిలోని వైరస్‌ను తామర పురుగులు పైరుకు అంటిస్తాయి.

పీకేస్తే సరిపోదు. బోడి నేల కనబడితే ముందుగా దిగేది అదే. పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకండి. ఆ జాగాలో గడ్డి, తంగేడు పెరగనీయండి. శెనక్కాయ చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో, సజ్జో వేయండి.

నా గట్టు నేను చూసుకుంటే చాలదా అంటారేమో! గాలికి గట్లు అడ్డమా? తొలి వానకే ఊరంతా కదలాలి. రోడ్ల పక్కలు, బంజర్లు పంచాయతీ చూడాలి. పైరు పోయాక ఏడ్చి లాభం లేదు.