జేసీబీకి చదువు రాదు

అబ్దుల్లాపూర్‌మెట్ అయినా మరో హైవే ఊరైనా, రోడ్డు వెడల్పు చేసే చోట తవ్విన మట్టిలోంచి ప్లాస్టిక్ గొట్టాల కొసలు తేలి కనబడతాయి. లోపల వెంట్రుక మందాన గాజు పోగులు. పక్కన పాతిన రాయి మీద కేబుల్ ఉందని రాసే ఉంటుంది. జేసీబీకి చదువు రాదు. ఇంటర్నెట్ వెన్నెముక అని మనం గొప్పగా చెప్పుకునేది ఈ గాజు పోగులనే. అమెరికా విశ్వవిద్యాలయాలను కలిపిన ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ 1986లో సెకనుకు 56 కిలోబిట్లతో మొదలైంది, 1991లో 45 మెగాబిట్లు అందుకుంది. ఇప్పుడు ఒక్క పోగులోనే టెరాబిట్లు పరుగెడుతున్నాయి. ఇదంతా కొత్త గోతులు తవ్వి సాధించింది కాదు. ఒకే పోగులో పలు రంగుల కాంతిని పంపడం, ఎర్బియం కలిపిన గాజుతో ఆ కాంతికి దారిలోనే బలమివ్వడం నేర్చారు. కొసల్లో పెట్టెలు మారిస్తే పాత పోగే కొత్త బరువు మోస్తుంది. మారనిదల్లా గొయ్యి. అందుకే వేగం గురించిన ప్రకటనల కన్నా రెండో దారి గురించిన ప్రశ్నే ముఖ్యమంటాను.

ఒకటి తెగితే డేటా ఇంకో దారిన పోతుంది కదా అంటారు. పోతుంది, ఇంకో దారంటూ ఉంటే. రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకుని నిశ్చింతగా ఉన్న ఆఫీసుకు, ఆ రెండు కేబుళ్లూ ఒకే రోడ్డు పక్కన పడుకున్నాయని తెగిన రోజునే తెలుస్తుంది. 2008 జనవరిలో అలెగ్జాండ్రియా దగ్గర ఒకే సముద్రపు దారిలోని రెండు కేబుళ్లు తెగితే ఇక్కడ మన ఇంటర్నెట్ కుంటింది. అతకడమూ చిటికెలో పని కాదు: ఒక్కో పోగునూ తుడిచి, కొస నున్నగా కోసి, ఎదురెదురుగా పెట్టి, విద్యుత్ మెరుపుతో కరిగించాలి. 96 పోగులుంటే 96 సార్లు. అడ్డదిడ్డపు తవ్వకాలతో దేశానికి ఏటా 3,000 కోట్ల రూపాయల నష్టమని, 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చినప్పుడు కేంద్రమే చెప్పింది.

వేరే దారులు లేకపోలేదు. తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంట ఫైబర్ వేసింది. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాలకు వేలాడదీసింది. రైల్‌టెల్ పట్టాల వెంట వెళ్లింది. స్తంభాలు తుపానుకు ఆగవన్న అభ్యంతరం సబబే. 2014లో హుద్‌హుద్ విశాఖలో ఎన్ని స్తంభాలను నేలకూల్చిందో చూశాం. కానీ గాలివానకు భయపడేది ఒకటి, జేసీబీకి భయపడేది ఇంకొకటి. రెండూ కలిస్తేనే ధీమా. కేబుళ్లు ఏ దారిన పోతున్నాయో బయటపెట్టమంటే, అది దుండగులకు పటం ఇచ్చినట్టేనన్న వాదనా ఉంది. ఆసుపత్రికి, బ్యాంకుకు మీ రెండు కేబుళ్లూ ఒకే గోతిలో ఉన్నాయని చెప్పడానికి పటం అచ్చేయనక్కర్లేదు. హైదరాబాద్‌కు సముద్రం లేదు. సముద్ర కేబుళ్ల కోసం ఇన్నాళ్లూ ముంబై, చెన్నై తీరాల మీదే ఎక్కువగా ఆధారపడ్డాం. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు సముద్ర కేబుళ్లు తెస్తామంది. అవి తీరం చేరాక హైదరాబాద్‌కు వచ్చేది ఏ గోతుల్లోంచో, ఆ గోతులు ఎన్నో, రోడ్డు టెండర్లు పిలిచేటప్పుడే అడగాలి.