మాటకు సాక్ష్యం

నోరు దాటిన మాట వక్త అధీనంలో ఉండదు. విన్నవాడు కొంత మరచిపోతాడు, కొంత కలుపుతాడు. ఈ చిక్కును ఇస్లామీయ పండితులు తొలినాళ్లలోనే గుర్తించి, దాని పరిష్కారానికి ఒక శాస్త్రాన్నే నిర్మించారు.

ప్రవక్త ముహమ్మద్ క్రీ.శ. 632లో నిర్యాణం చెందిన పిదప ఆయన మాటలు, చేతలు అనుచరుల జ్ఞాపకాలలోను, కొన్ని వ్రాతలలోను నిలిచాయి. వాటినే హదీసులంటారు. కాలక్రమంలో రాజకీయ పక్షాలవారు, కథకులు, అత్యుత్సాహులైన భక్తులు సైతం తమకు నచ్చిన మాటలను ప్రవక్తకు అంటగట్టసాగారు. అందుచేత, మాటతోపాటు అది వచ్చిన దారిని కూడా చెప్పవలెనని పండితులు నియమించారు. ఫలానావారు ఫలానావారి వద్ద విన్నారనే ఆ వరుసకు ‘ఇస్నాద్’ అని పేరు. వరుసలోని వారు సమకాలికులేనా, వారిలో ఎవరికైనా వార్ధక్యంలో మతిమరుపు కలిగిందా అని కూడా విచారించేవారు. బుఖారా నగరంలో 810లో జన్మించిన ఇమామ్ బుఖారీ ఇట్టి పరీక్షకు నిలిచిన హదీసులనే తన సంకలనంలో చేర్చాడు.

అయితే ఇక్కడొక ధర్మసంకటం ఉన్నది. ఖుర్‌ఆన్ 49వ అధ్యాయం పరోక్షనిందను తీవ్రంగా నిషేధించింది. నమ్మదగని వ్యక్తి తెచ్చిన వార్తను విచారించకుండా స్వీకరించి అమాయకులకు హాని చేయరాదని ఆదేశించినది కూడా ఆ అధ్యాయమే. మరి ఉల్లేఖకుని దోషాలను బయటపెట్టడం నింద కాదా? అవసరమైనంత మేరకు చెప్పడం నింద కాదని, అంతకు మించితే నిందయేనని పండితులు నిర్ణయించారు. బుఖారీకి గురువైన అలీ ఇబ్నె మదీనీని ఆయన తండ్రి విషయమై ప్రశ్నించగా, ఇతరులను అడగమని మొదట తప్పించుకొన్నాడట. పట్టుబట్టిన మీదట తలవంచుకొని, తన తండ్రి ఉల్లేఖనాలు బలహీనమైనవని ఒప్పుకొన్నాడని చెబుతారు. పెద్దలు చెప్పారన్న ఒక్క కారణంతో ప్రతి వదంతీ చెల్లిపోయే ఇళ్లలో ఈ నిజాయితీ ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఈ విద్యతో హైదరాబాదుకు గట్టి సంబంధం ఉన్నది. 1888లో అక్కడ నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్, ఇబ్నె హజర్ అస్కలానీ రచించిన ఉల్లేఖకుల చరిత్రకోశాన్ని 12 సంపుటాలుగా ముద్రించింది. 1908లో ఆ నగరంలోనే పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా, హమ్మామ్ అనే తొలితరం విద్వాంసుడు కూర్చిన 138 హదీసుల చిన్న గ్రంథాన్ని బెర్లిన్, డమాస్కస్ వ్రాతప్రతుల ఆధారంగా పరిష్కరించి ప్రకటించాడు.

ఉల్లేఖన పరంపరలను కూడా కల్పించి ఉండవచ్చునని గోల్డ్‌జిహర్ వంటి పాశ్చాత్య పరిశోధకులు శంకించారు. ఆ శంక కొట్టివేయదగినది కాదు. కాని శంకించడానికైనా అక్కడ పేర్లున్నాయి! ఆ పద్ధతికి గల బలమంతా అందులోనే ఉన్నది.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు దేశమంతటా వ్యాపించాయి. ఆ వార్తలకు పేరూ లేదు, వరుసా లేదు. ఆ జూలైలో హైదరాబాదు నుండి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లిన ఒక యువకుడు అటువంటి వదంతిని నమ్మిన మూక చేతిలో ప్రాణాలు కోల్పోయాడు. చేతులు మారి వచ్చిన సందేశాలపై ‘ఫార్వర్డెడ్’ అన్న ముద్ర కనిపించసాగినది ఆ నెలలోనే. ఆ మాటను మొదట ఎవరు పుట్టించారన్నది మాత్రం ఆ ముద్ర చెప్పదు.