నాయనమ్మ గొంతు ఎటు పోయింది?

మొన్న ఆదివారం పొద్దున్నే మా కింది వాటా పిల్లాడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని పైకొచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు. అంబర్‌పేట్‌లో మా గల్లీలో ఏ ఫంక్షనైనా పాటలు పెట్టేది వాడే. ఈసారి బోనాలకని వాళ్ల నాయనమ్మతో ఓ పాట పాడించి, దానికి డప్పు, తీన్మార్ దరువు, బేస్, సింథ్ అన్నీ కలిపాడు. దరువు అదిరింది. వాడి మొహం మాత్రం వేలాడిపోయి ఉంది.

"ఏమైందిరా?" అన్నాను.

"నాయనమ్మకు వినిపిచ్చిన అన్నా. మొత్తం విని 'మంచిగుంది బిడ్డా, ఎవరు పాడిండ్రు?' అన్నది."

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. ఆవిడకి ఎనభై దగ్గర పడ్డాయి. ఆ పాట వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది. కాగితం మీద లేదు, ఇంట్లో ఇంకెవరికీ పూర్తిగా రాదు. ఉన్న ఒక్క రికార్డింగ్‌లోనూ మాట వినపడకపోతే ఇంకేం మిగిలినట్టు?

వాడు వాడేది ఎఫ్ఎల్ స్టూడియో. 1997లో 'ఫ్రూటీలూప్స్' పేరుతో వచ్చిన బెల్జియం సాఫ్ట్‌వేర్ ఇదే. ఎఫ్9 నొక్కితే మిక్సర్ తెరుచుకుంటుంది. కచేరీల్లో సౌండ్ ఆయన ముందు వరసగా మీటలుండే బల్ల చూసుంటారుగా, అదే ఇక్కడ తెర మీద ఉంటుంది. ఒక్కో శబ్దానికి ఒక్కో గడి. అన్నీ వెళ్లి చివరికి 'మాస్టర్' అనే గడిలో కలుస్తాయి.

మనవాడి మిక్సర్ చూస్తే గడులన్నీ ఖాళీ! శబ్దాలన్నీ నేరుగా మాస్టర్‌లోకే పోతున్నాయి. పప్పు, కూర, పులుసు ఒకే గిన్నెలో పోసి, ఇప్పుడు కూరలో మాత్రమే ఉప్పు తగ్గించాలంటే ఎట్లా? అందుకే ముందు ఒక్కో శబ్దాన్ని ఎంచుకుని కంట్రోల్ ఎల్ నొక్కి, దేని గడిలోకి దాన్ని పంపించాం. పేర్లు రాశాం, రంగులు వేశాం. ఇది చాదస్తం కాదు. ఇరవై గడులయ్యాక డప్పు ఏదో, తాళాలేవో వెతుక్కోవడంలోనే సగం రోజు పోతుంది.

"గొంతు వినపడకపోతే నువ్వేం చేశావు?" అని అడిగాను.

"పెంచిన. అప్పుడు డప్పు తగ్గినట్టైంది, దాన్నీ పెంచిన. మల్ల బేస్..."

అందరం చేసే తప్పే ఇది. ఒకే స్థాయిలో ఉన్న రెండు వేర్వేరు శబ్దాలు కలిస్తే మొత్తం సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. నాలుగైతే 6, ఎనిమిదైతే 9. ఏ ఒక్కటీ గట్టిగా లేకపోయినా మాస్టర్ సున్నా దాటి ఎర్రబడుతుంది. ఆ ఎరుపుతోనే ఫైల్ తీస్తే శబ్దం తల తెగి గరగరలాడుతుంది. కాబట్టి వినపడని దాన్ని పెంచకండి. దానికి అడ్డమొచ్చేవాటిని తగ్గించండి.

మీటలన్నీ కిందికి దించేశాం. ముందు నాయనమ్మ గొంతు ఒక్కటే పైకి తెచ్చాం, మాస్టర్ మైనస్ 10 దగ్గర ఆడేలా. తర్వాత డప్పు, మాట మింగేయని చోటికి వచ్చి ఆగింది. ఆ తర్వాతే బేస్, సింథ్. అన్నీ కలిసినా మైనస్ 6 దాటలేదు.

తర్వాత ఈక్వలైజర్. గొంతు గడిలో 100 హెర్ట్జ్ కిందంతా కోసేస్తే ఫ్యాను రొద, రోడ్డు మీద ఆటోల గుర్రు చాలావరకు పోయాయి. మాటలో స్పష్టత ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. డప్పు మీద సన్నపుల్ల చటుక్కుమనేదీ, సింథ్ మెరుపూ అక్కడే గుమిగూడాయి. ఆ రెంటినీ అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించాం. గొంతు మీద చెయ్యి కూడా వేయలేదు, దానంతటదే ముందుకొచ్చింది.

వాడు రివర్బ్ నేరుగా గొంతు మీదే దండిగా పోశాడు. బావిలోంచి పాడినట్టుంది. దాన్ని తీసి వేరే గడిలో పెట్టి, గొంతులోంచి కొంచెమే అటు పంపాం. డప్పును కాస్త ఎడమకి, తాళాలను కుడికి జరిపి, నడిమి చోటు గొంతుకీ బేస్‌కీ వదిలాం.

వెనకటికి మద్రాసు స్టూడియోల్లో గాయకుడూ వాద్యగాళ్లూ ఒకేసారి వాయించి పాడేవాళ్లు. ఎవరు మైకుకి ఎంత దూరంలో నిలబడాలన్నదే అప్పటి మిక్సింగ్. గట్టి వాద్యం వెనక్కి, గొంతు ముందుకి. మనం మీటలతో చేసిందీ అదే.

ఇక సౌండ్ సంగతి. ఎంత గట్టిగా చేసి ఎక్కించినా యూట్యూబ్ దాన్ని తనకు కావాల్సిన మట్టానికి దించేస్తుంది. నలిపి నలిపి గట్టిగా చేసిన పాటకి అక్కడ మిగిలేది నలుగుడే. చివరికి హెడ్‌ఫోన్స్ తీసి, మామూలు ఫోన్ స్పీకర్‌లో, చిన్న సౌండ్‌తో ఓసారి వినండి. మాట అక్కడ అర్థమైతే పాస్ అయినట్టే.

సాయంత్రం కిందికెళ్లి నాయనమ్మకి ఫోన్‌లోనే పెట్టాం. కళ్లు మూసుకుని వింటోంది. రెండో చరణం దగ్గర చటుక్కున చెయ్యెత్తింది.

"ఆపు బిడ్డా. ఈడ ఓ మాట తప్పు పాడిన. మా అమ్మ గట్ల పాడకపోయేది. మల్ల పాడుత, పట్టుకో."

వాడు పరుగున మైకు తెచ్చాడు. ఈసారి ఫ్యాను ఆపి మరీ కూర్చున్నారు.