సరుకు బండి నిలుపుటకు చోటేది?

సంపాదకులకు,

అయ్యా,

చెన్నపట్నం జార్జిటౌన్‌లో సరుకుల బండ్లు దారి కట్టి నిలుస్తున్నవని, ఆ డ్రైవర్లకు బుద్ధి చెప్పువారు లేరని పదిమందీ అనుట తరచుగా వింటున్నాము. ఫిర్యాదు అబద్ధము కాదు. మా ముత్తాతల నాటినుండి ఈ పేటలోనే ఉన్న కుటుంబము మాది. ఆస్పత్రికి పోతూ సరుకు బండి వెనుక ఆటోలో అరగంట కూర్చున్న అనుభవము నాకును ఉన్నది. అయినను తప్పంతా డ్రైవరు నెత్తిన వేయుట న్యాయము కాదని నా మనవి. అతడు నడివీధిలో బండి ఆపుటకు కారణము పొగరు కాదు. మరెక్కడా చోటు లేకపోవుటయే.

మా వీధులు మోటారు బండ్లను తలచుకొని వేసినవి కావు. గోవిందప్ప నాయకుని వీధి గాని, నైనియప్ప నాయకుని వీధి గాని ఎద్దుబండ్లు, తోపుడు బండ్లు నడిచిన కాలపు వెడల్పుతోనే నేటికీ ఉన్నవి. రద్దీ భరించలేకనే కొత్వాల్ చావడి కూరగాయల టోకు మార్కెట్టును 1996లో కోయంబేడుకు తరలించినారు. మన కన్యకా పరమేశ్వరీ దేవస్థానమువారిదైన ఆ మార్కెట్టు ఎంత పాతదో ఇక్కడి తెలుగు కుటుంబములకు చెప్పనక్కరలేదు. కూరగాయలు పోయినవి గాని ఆండర్సన్ వీధి కాగితములు, గొడౌన్ వీధి బట్టలు, నైనియప్ప నాయకుని వీధి మందు దినుసులు ఇక్కడనే ఉన్నవి.

పెద్ద లారీలకు పగటివేళ నగరములో కట్టుబాట్లు ఉన్నవి కనుక ఊరి వెలుపల దించిన సరుకును చిన్న బండ్లు మోసుకొని వస్తున్నవి. 2005లో వచ్చిన టాటా ఏస్ బండిని అరవవారు ముద్దుగా ‘కుట్టి యానై’ అంటారు, అనగా గున్న ఏనుగు. పేరు ముద్దుగానే పెట్టితిమి గాని ఆ ఏనుగును కట్టుటకు ఒక కొయ్య చూపలేదు.

నేను ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడను. కాగితము మీద వేళలు వేసికొను అలవాటు ఇంకను పోలేదు. మొన్నొక సోమవారము రెడ్‌హిల్స్ మిల్లునుండి బియ్యము తెచ్చిన బండి యొకటి మా వీధికి వచ్చినది. ఆ లెక్క ఇది. 9-40కి బండి వచ్చినది. దుకాణము ముందు మోటారు సైకిళ్లు వరుసగా ఉన్నవి. అవి బేరమునకు వచ్చినవారివి కావు, దుకాణములో పనిచేయువారివే. 10-05కి పోలీసు విజిలు వేసినాడు. డ్రైవరు బండి తీసి ప్రకాశం సాలై, అనగా పాత బ్రాడ్వే, చుట్టి వచ్చుసరికి 10-40 అయినది. అప్పటికి హమాలీలు వేరొక లోడుకు పోయినారు. వారు తిరిగి వచ్చినది 11-30కి. 28 బస్తాలు దించుటకు పట్టినది 20 నిమిషములు. తరువాత రసీదు మీద సంతకము పెట్టవలసిన యజమాని బ్యాంకుకు పోయినారని బండిని 12-25 వరకు ఆపినారు. మొత్తము 2 గంటల 45 నిమిషములలో అసలు పని 20 నిమిషములు మాత్రమే.

డ్రైవరు తడ ప్రాంతపు తెలుగువాడు. పలకరించితిని. “బండి తోలేదానికి నాకు కష్టం లేదు సామీ, నిలిపేదానికే కష్టం” అన్నాడు. “నీకు నెల జీతమా నాయనా?” అని అడిగితే, “ట్రిప్పు లెక్క సామీ. మూడు ట్రిప్పులు పడితే ఇంటికి నాలుగు డబ్బులు తీసుకుపోతాను. ఇట్లా నిలిపేస్తే రెండు పడేదే గగనం” అన్నాడు. అందరి ఆలస్యమునకు చివరకు వెల కట్టుచున్నది ఎవరో దీనితోనే తెలుస్తున్నది. వర్తకుని సరుకు చేరినది. మిల్లువారి డబ్బు వచ్చును. హమాలీకి బస్తా లెక్కన కూలి ముట్టినది. పోయినది డ్రైవరు మూడవ ట్రిప్పు.

దానిపైన జరిమానా ఒకటి. పోలీసువారు ఇప్పుడు ఫొటో తీసి చలానా వేస్తున్నారు. అది యజమాని సెల్‌ఫోనుకు పోవును, అక్కడనుండి డ్రైవరు బత్తాలోనుండి కోత పడును. మోటారు వాహనముల చట్టము 177వ సెక్షను కింద 100 రూపాయలుగా ఉన్న జరిమానాను 2019 సవరణలో 500 చేసినారు. మరల దొరికితే 1,500. తప్పు చేసినవాడు కట్టవలసినదే. కాని చట్టము మీరకుండ నిలుచుటకు వీధి మొత్తములో ఒక్క గజము చోటైనను చూపక జరిమానా వేయుట, ద్వారము పెట్టని ఇంటిలో గోడ దూకితివని శిక్షించుటవంటిది. బస్తా చిరిగినను, లెక్కకు ఒకటి తక్కువైనను అదియు డ్రైవరు పద్దులోనే పడుచున్నదని వారు చెప్పుచున్నారు.

ఎక్కువ బరువు సంగతి మరింత ఘోరము. 194వ సెక్షను కింద జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. బండి నడిపినవాడే గాక నడిపించినవాడు, నడపనిచ్చినవాడు కూడ బాధ్యుడని ఆ సెక్షనులోనే ఉన్నది. కాని దారిలో చేయెత్తి ఆపినపుడు ఎదుట కనబడువాడు డ్రైవరు ఒక్కడే. “ఇంకొక నాలుగు బస్తాలు వేయి, ఏమీ కాదు” అన్న పెద్దమనిషి అక్కడ ఉండడు.

పనివేళల మాట చెప్పబోతే, 1961లోనే మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని చట్టము చేసినారు. అది ఐదుగురు, అంతకు పైబడి కార్మికులు గల సంస్థలకే వర్తించెడిది. ఆ చట్టము 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో కలిసిపోయినది. ఒక బండి, ఒక డ్రైవరు గల చోట గంటలు లెక్కించువారు ఆనాడును లేరు, ఈనాడును కనబడరు. 3.5 టన్నులకు మించిన లారీలలో, 2025 అక్టోబరు 1 నుండి తయారగువాటికి, డ్రైవరు కూర్చుండు చోట ఏసీ ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము నియమము చేసినది. సంతోషమే. కాని గున్న ఏనుగు ఆ తూకమునకు రాదు. కత్తిరి ఎండలో కాలిన రేకు కింద వేచియుండువానికి ఆ నియమము నీడ నీయదు.

సరుకంతా రాత్రిళ్లు దింపరాదా అని కొందరు అడుగుదురు. చెప్పుట సులభము. రాత్రి దుకాణము తెరచి లెక్క చూచువారెవరు? హమాలీలు ఎక్కడనుండి వచ్చెదరు? ఈ వీధులలో అంగళ్ల మీద మిద్దెలలో కాపురములు ఉన్నవి. పసిపిల్లలు, ముసలివారు నిద్రపోవద్దా? రాత్రి దింపదగిన సరుకు కొంత ఉండవచ్చును గాని అదే మందు కాదు.

నాకు తోచిన మార్గములు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కార్పొరేషన్‌వారును ట్రాఫిక్ పోలీసువారును ప్రతి టోకు వీధిలో రెండు మూడు చోట్ల గీతలు గీసి, సరుకు దింపుటకు అరగంట మాత్రమే అని నిర్ణయించవలెను. ఆ గీతలలో మోటారు సైకిలు పెట్టినవారికి చలానా వేయవలెను. వీధివర్తకులకు చోటు చూపవలెనని 2014లో చట్టము వచ్చినది గదా. వారికిని అంగళ్లకును సరుకు తెచ్చువానికి చోటు చూపుట అంతకంటె కష్టమా? ఏ బండి ఏ వేళ రావచ్చునో వీధి మొగలో అరవము, తెలుగు, హిందీ, ఇంగ్లీషులలో బోర్డు కట్టవలెను.

వర్తకులకు ఒక మనవి. మీలో మనవారు చాలమంది ఉన్నారు కనుక చనువుతో చెప్పుచున్నాను. బండి బయలుదేరక ముందే ఫోనులో వేళ నిర్ణయించుకొనండి. ఆ వేళకు హమాలీలను సిద్ధముగా ఉంచండి. సంతకము పెట్టు అధికారము గల గుమాస్తా నొకనిని దుకాణములో ఉంచండి. అరగంట దాటి ఆపినచో గంటకింత అని బిల్లు మీదనే అచ్చు వేసి, ఆ రూకలు డ్రైవరు చేతికే ఇప్పించండి. ఆలస్యమునకు మన గల్లాపెట్టెనుండి వెల కట్టవలసిన నాడు ఆలస్యము దానంతట అదే తగ్గిపోవును.

వర్తక సంఘములవారు చొరవ తీసికొని, అధికారులతోపాటు ఇద్దరు డ్రైవర్లను కూడ కూర్చుండబెట్టి మాటలాడవలెనని కోరుతున్నాను. ఏ మలుపు వద్ద బండి చిక్కునో, ఏ గోడ పక్కన నాలుగు గజముల చోటు వృథాగా ఉన్నదో వారికి తెలిసినంత మరెవరికిని తెలియదు.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
జార్జిటౌన్, చెన్నై